సేవకుడు ఎవరు?



హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, ఉప్పల్‌కు పోవు మార్గమున రామంతాపూర్ ఉన్నది. అక్కడ సెయింట్ జాన్స్ ప్రాంతీయ సెమినరీలో కథోలిక సంఘములకు గురువులు కాబోవు యౌవనులు ఏండ్ల తరబడి వేదశాస్త్రము నభ్యసించుదురు. మన సంఘము వేరైనను, అట్టి విద్య అవసరమని మనమును ఒప్పుకొందుము. అయితే అట్టి చదువు చదివినవారిని చూచి, “సేవకు వీరున్నారు గదా” అని నిశ్చింతగా ఇంటికి పోవు మనస్సు మనలో నున్నది. నేడు నేను విమర్శింపగోరునది ఆ మనస్సును, దానిని దాచిపెట్టుచున్న ఒక మాటను.

మన పల్లె సంఘములలో “దైవసేవకుడు” అనగా ఎవరు? పాస్టరుగారు. “ఆయన సేవలో ఉన్నారు” అనగా ప్రసంగములు చేయుచున్నారని అర్థము. ఒక్కనికి ఆ పేరిచ్చి తక్కినవారమందరము ఏమైతిమి? సేవ చేయించుకొనువారమైతిమి. గుడి కప్పు కారినను పాస్టరుగారే చూడవలెను, రోగిని పరామర్శింపవలసినను పాస్టరుగారే పోవలెను. మనమో, ప్రసంగము పొడవైనదని, పాట శ్రుతి తప్పినదని దారి పొడుగున తీర్పు చెప్పుకొనుచు పోవుదుము.

లేఖనము ఈ మాటను ఇట్లు వాడలేదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము విప్పి చూడుము. విధవరాండ్రకు దినదినము ఆహారము పంచుటకును, అపొస్తలులు వాక్యము బోధించుటకును గ్రీకు మూలములో ఒకే మాట యున్నది: దియకోనియ, అనగా పరిచర్య. కానా పెండ్లిలో రాతిబానలు నింపిన పనివారికిని, కెంక్రేయ సంఘపు ఫీబేకును దాని సంబంధమైన మాటయే వాడబడినది.

“మార్త పనిని ప్రభువు గద్దించెను గదా” అని నీవందువేమో. ఆయన గద్దించినది ఆమె తొందరను, విచారమును, వంటను కాదు. యోహాను 12వ అధ్యాయములో బేతనియ విందునందు మార్త మరల ఉపచారము చేయుచునే యున్నది. అక్కడ ఆమెకు గద్దింపు లేదు.

మన తెలుగు నేలనే చూడుము. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలై నిలిచిరి. విరామవేళ కూలీలతో కూర్చుండి సువార్త చెప్పిరి. కూటికొరకు ఎవరును చేరకుండునట్లు కరువుకాలమంతయు బాప్తిస్మములను ఆపిరి. తరువాత 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మట్టితట్టయు సువార్తయు అక్కడ వేరుపడలేదు.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియేయని నేర్పిరి. చదువురాని కూలివానికిని మినహాయింపు లేదు.

పాస్టరులకును ఒక మాట. సంఘస్థులకు పని అప్పగింపక సమస్తమును మీరే మోసినయెడల, మీరు అలసిపోవుదురు, వారు ఎదుగకుందురు.

చదువరీ, మీ సంఘములో సేవకులెందరని ఎవరైన అడిగినయెడల పాస్టరుగారి పేరొక్కటే చెప్పి ఊరకుండకుము. మంచము పట్టిన పొరుగు ముసలమ్మకు ఈ వారము కడివెడు నీళ్లు తెచ్చి పోయువారెవరు? ఆ పని నీవు చేసి, తరువాత ఆ లెక్కలో నీ పేరును చేర్చుకొనుము.