మాయాబజార్ చూస్తూ ఏం తినాలి?

పండగ రోజు టీవీలో 'మాయాబజార్' వస్తే మా ఇంట్లో అందరికీ ఆకలి వేస్తుంది. ఆ సినిమా చూస్తూ రాత్రి భోజనం చెయ్యాలంటే ఏం వండాలి అని ఎవర్ని అడిగినా ఘటోత్కచుడి విందు పాటలోని వంటలే చెప్తారు. గారెలు, బూరెలు, అరిసెలు, లడ్లు, జిలేబీ, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. నేను దీనికి ఒప్పుకోను. ఆ పాట వినడానికి ఎంత బాగుంటుందో, దాని ప్రకారం ఇంట్లో వండుకుంటే సినిమా అంత చెడుతుంది. ఎందుకో చెప్తాను.

ఈ సినిమా 1957లో వచ్చింది. విజయా వాళ్ళు మద్రాసులో తీశారు. దర్శకుడు కె.వి.రెడ్డి. కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. అదే ఏడాది తమిళంలో కూడా విడుదలైంది. అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్, ఘటోత్కచుడు మాత్రం మన ఎస్.వి.రంగారావే. అందుకే మా హోసూరులో తమిళం మాట్లాడే స్నేహితులు కూడా ఇది మా సినిమానే అంటారు. అననీ.

అసలు ఆ విందు ఎవరిది? పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారని తెలియగానే బలరాముడు, రేవతి మాట మారుస్తారు. శశిరేఖను అభిమన్యుడికి కాకుండా దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వాలంటారు. మేనరికం పోయింది, మాట పోయింది, డబ్బు గెలిచింది. ఆ డబ్బున్న వియ్యాలవారి కోసం తయారైన విందు అది. ప్రేమతో పెట్టే అన్నం కాదు, గొప్ప చూపించుకోవడానికి పెట్టేది. దాన్ని ఘటోత్కచుడు వాళ్ళకంటే ముందే కూర్చుని ఒక్కడే లాగించేస్తాడు కాబట్టే మనకు అంత సంతోషం. అలాంటిది, సినిమా ఏ ఆడంబరాన్ని చూసి నవ్విందో దాన్నే మనం ఇంట్లో తొమ్మిది రకాలుగా వండుకోవడం ఏమిటి?

ఇంకో సంగతి. ఆ పాట నడిచినంతసేపూ తినేవాడే కనిపిస్తాడు, వండినవాళ్ళు కనిపించరు. లడ్లు వాటంతటవే ఎగిరి నోట్లోకి పోతాయి. మార్కస్ బార్ట్లే కెమెరాతో చేసిన ఆ గారడీ ఇప్పటికీ నాకు ముద్దొస్తుంది. కానీ మా ఇంట్లో గారె ఎగరదు. మినప్పప్పు నానబెట్టాలి, రుబ్బాలి, వాయి వాయిగా నూనెలో వెయ్యాలి, వేడిగా ఉన్నప్పుడే తినాలి. అంటే వాళ్ళు తింటున్నంతసేపూ ఒకరు బాండ్లి దగ్గర నిలబడాలి. మా అమ్మకు ఆ పాట మొత్తం నోటికి వచ్చు. చూసింది మాత్రం తక్కువ, వంటింట్లోంచి విన్నదే ఎక్కువ. సినిమాకు భోజనం జత చెయ్యడం గురించి మాట్లాడేవాళ్ళు రుచి గురించే మాట్లాడతారు. ఎవరు కూర్చుని చూశారు అని కూడా అడగాలని నేనంటాను.

'మిథునం' సినిమా (2012) ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. శ్రీరమణ కథను తనికెళ్ల భరణి తీశారు. అందులో కూడా తిండి ధ్యాస చాలా ఉంది, కానీ అప్పదాసు తింటుంటే వండిన బుచ్చిలక్ష్మి కూడా మన కళ్ళ ముందే ఉంటుంది. అయినా నవ్వు కావాలంటే నేను మళ్ళీ మాయాబజార్ దగ్గరికే వస్తాను.

మాయాబజార్‌కు జత ఏది అనే ప్రశ్నకు జవాబు ఆ సినిమాలోనే ఉంది, విందు పాటలో మాత్రం లేదు. కౌరవుల పురోహితులు శర్మ, శాస్త్రి (అల్లు రామలింగయ్య, వంగర) వియ్యాలవారి వంటల్లో లోపాలు వెతుకుతూ గోంగూర గురించి పట్టుబడతారు చూడండి, అక్కడ. అంత సార్వభౌముడి వైపువాళ్ళకు కూడా గోంగూర కావాలట! పింగళి నవ్వించడానికే రాసి ఉండొచ్చు. కానీ ద్వాపరయుగం హస్తినాపురం నుంచి మా వంటింటి దాకా రాగలిగిన పదార్థం ఆ సినిమాలో అదొక్కటే. మా సంతలో తమిళంలో అడిగితే పుళిచ్చ కీరై, కన్నడంలో అడిగితే పుండి సొప్పు, మా అవ్వ గోగాకు అంటుంది. మూడు పేర్లకూ అదే కట్ట చేతికిస్తారు. దప్పళం అనే మాట మా ఇంట్లో లేదు. దాన్ని నేను ఈ సినిమాలోనే నేర్చుకున్నాను. గోంగూరకు అలాంటి ఇబ్బంది లేదు.

అందుకని నా ఎంపిక రాగి సంగటి, గోగాకు వేసిన పులగూర. ఆకు, కందిపప్పు, పచ్చిమిరపకాయలు కలిపి ఉడికించి ఎనిపితే పులగూర అయిపోయింది. ఉడుకుతున్న బియ్యంలో రాగిపిండి పోసి మగ్గనిచ్చి కట్టెతో కెలికితే సంగటి. ముద్దలు ఒకేసారి చేసి తట్టల్లో పెట్టేస్తే ఇక పొయ్యితో పని లేదు. వండినవాళ్ళు కూడా వచ్చి కూర్చోవచ్చు. ఇది రాజభోజనానికి ఎలా సరిపోతుంది అని మా తమ్ముడు అడిగాడు. అభిమన్యుడు అప్పుడు రాజా ఏమిటి, రాజ్యం పోయి తల్లి వెంట అడవి దారి పట్టినవాడు. పైగా ఇది నలుపు తెలుపు సినిమా. 2010లో రంగులు అద్ది విడుదల చేశారు గానీ నాకు పాతదే ఇష్టం. తెర మీద ఎర్రటి జిలేబీ కూడా బూడిద రంగులోనే ఉంటుంది కాబట్టి తట్టలో ఉన్న నల్లటి సంగటికి చిన్నతనం రాదు.

వడ్డించే వేళ కూడా ముఖ్యం. సినిమా మూడు గంటలు. మొదట్లోనే వడ్డిస్తే విందు పాట వచ్చేసరికి చేతులు ఎండిపోయి ఉంటాయి. సగం దాటి, ఘటోత్కచుడు వచ్చాక సంగటి దించాలి. ఈ ఉగాదికి మేము అలాగే చేశాం. లడ్డు ఎగిరినప్పుడు అందరికంటే ముందు నవ్వింది అమ్మ. ఆ తర్వాత, "ఇదంతా ఎవరు వండినారో పాపం" అని ఇంకో ముద్ద వేసుకుంది.