వ్యాయామశాలకు ముందు వంటశాల

ఉన్నత పాఠశాలలలోని ఆటగాండ్రకు బలము పెంచు వ్యాయామములు నేర్పవలెనను ఆలోచన మెచ్చదగినదే. బరువులెత్తిన పిల్లలు పొట్టిగా ఉండిపోవుదురను పాత భయమునకు శాస్త్రాధారము లేదు. అనుభవజ్ఞుడైన శిక్షకుని ఎదుట, క్రమపద్ధతిలో చేసిన వ్యాయామము బాలబాలికలకు మేలే చేయును. అయితే ఈ ఆలోచనను అమలుపరచు తీరులో ఒక లోపము తరచు కనిపించును. డబ్బంతయు ఇనుప సామగ్రికే ఖర్చగును; పిల్లలు ఏమి తిని ఆ బరువులను ఎత్తవలెనో ఎవరును లెక్కింపరు.

మొదట సామగ్రి సంగతి చూతము. పోటీలలో వాడు బార్బెల్ కడ్డీ బరువు పురుషులకు 20 కిలోలు, స్త్రీలకు 15 కిలోలు. 40 కిలోలున్న పిల్లవానికి, ఇనుప బిళ్లలు తగిలింపకమునుపే, ఆ కడ్డీ తన బరువులో సగము! కప్పీలతో నడుచు పెద్ద యంత్రములు సాధారణముగా పెద్దవారి కాలుసేతుల పొడవునకు అమర్చినవి. మొదటి సంవత్సరమునకు తేలిక కడ్డీలు, ఇసుక సంచులు, వ్రేలాడుటకొక అడ్డకడ్డీ, మన తాలింఖానాల దండీలు, బస్కీలు చాలును. అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్, గాయపడినవారి కండరములకు మరల బలము చేకూర్చు విధానమును 1945లో ప్రకటించెను. కండరము బలపడిన కొలది బరువును పెంచుటయే అందలి కీలకము. కనుక పాఠశాలకు పెద్ద బిళ్లలకంటె అరకిలో, కిలో బిళ్లల అవసరమే ఎక్కువ.

ఇక ఆహారము. కండ పెరుగుట వ్యాయామము తరువాతి విశ్రాంతిలో, తిన్న మాంసకృత్తుల వలన జరుగును. క్రీడాకారులకు రోజునకు, శరీరపు బరువులో కిలోకు 1.2 నుండి 2 గ్రాముల మాంసకృత్తులు కావలెనని అమెరికా, కెనడా పోషణశాస్త్ర సంఘములు 2016లో సూచించినవి. పెద్దల కొరకు వేసిన ఈ లెక్కలో కనిష్ఠమును పట్టినను, 40 కిలోల పిల్లవానికి 48 గ్రాములు కావలెను. మధ్యాహ్న భోజన పథకము 6 నుండి 8 తరగతులవారికి నిర్ణయించిన కొలత 700 కాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. అందులో ఎక్కువ భాగము 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పునుండియే రావలెను. బియ్యమున కొరవడిన లైసీనును పప్పు తీర్చును. కనుక పప్పు పలుచనైన కొలది భోజనపు విలువ తగ్గును.

ఈ కొలత మామూలు పిల్లలకు ఒక పూటకు వేసినది. సాయంత్రము చెమటోడ్చువారికి ఇదే చాలుననుకొనుట పొరపాటు. కాలరీలు చాలనప్పుడు శరీరము మాంసకృత్తులనే వంటచెరకుగా కాల్చుకొనును. ఈ కొరత కొనసాగినచో బాలికలలో ఋతుక్రమము ఆగి, ఎముకలు బలహీనపడవచ్చును. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో దీనిని గూర్చి హెచ్చరించినది.

నివారణ కష్టము కాదు. మధ్యాహ్న భోజనమునకు, సాయంకాలపు ఆటకు నడుమ నాలుగు గంటలు గడచును. ఆటకు ముందొక అరటిపండు, తరువాత గుప్పెడు వేరుసెనగ పలుకులు, బెల్లము, ఒక ఉడికించిన గ్రుడ్డు ఇచ్చినచో 12, 13 గ్రాముల మాంసకృత్తులు చేరును. డబ్బాలలో అమ్ము పొడులతో పనిలేదు.

వ్యాయామశాల అంచనాలో మొదటి పద్దు ఈ అల్పాహారమే కావలెను. ఉపాధ్యాయులు నెలకొకసారి ప్రతివారి బరువును, ఎత్తును విద్యార్థులచేతనే వ్రాయించవచ్చును. ఎదిగెడు పిల్లవాని బరువు కొన్ని నెలలు కదలనిచో, కడ్డీకి మరియొక బిళ్ల తగిలించుటకు ముందు వాని కంచమును చూడవలెను.