కోయలేని కణితికి వాత

ఆపరేషన్‌కు తట్టుకోలేరని డాక్టరు చెప్పగానే ఇక వైద్యం లేదనుకుని ఇంటిదారి పట్టడం మన వైపు మామూలే. లంక పొగాకు చుట్టలు ఏళ్ల తరబడి కాల్చిన మగవాళ్లకు, కట్టెలపొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లకు ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉంటాయి. వాటిలో చిన్న క్యాన్సర్ కణితి బయటపడినా, ఆ భాగాన్ని కోసి తీసేస్తే మిగిలినదానితో ఊపిరి ఆడదు. కానీ కోయలేని కణితిని కాల్చే వీలుంది. సీటీ స్కాన్‌లో చూసుకుంటూ, పక్కటెముకల సందులోంచి దబ్బనం లాంటి సూదిని కణితి నడిబొడ్డుకు దించి, రేడియో తరంగాలతోనో మైక్రోవేవ్‌తోనో వేడి పుట్టిస్తారు. అరవై డిగ్రీలు దాటితే కణాల్లోని మాంసకృత్తులు ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకడతాయి. పని పూర్తయ్యాక కణితి చుట్టూ మంచు కమ్మినట్టు ఒక వలయం స్కాన్‌లో కనబడాలి. అది కణితి అంచు దాటి అర సెంటీమీటరైనా పరుచుకుంటేనే డాక్టరుకు నిశ్చింత. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే మాత్రం పారే రక్తం వేడిని లాక్కుపోతుంది, ఆ పక్క కణాలు బతికిపోవచ్చు. (పసిపిల్లల పొట్ట మీద పెట్టే వాతతో దీన్ని పోల్చకండి. ఆ వాత పచ్చి హింస.)

రేడియేషన్ ఉండగా ఇదెందుకని అడిగితే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. అమెరికాలో ఆపరేషన్‌కు పనికిరాని 55 మందికి గురిచూసి రేడియేషన్ ఇచ్చిన ఫలితాలు 2010లో వచ్చాయి: మూడేళ్లకు దాదాపు 98 శాతం మందిలో అసలు కణితి మళ్లీ పెరగలేదు. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో 51 మందికి కణితిని కాల్చారు. రెండేళ్లకు సుమారు 70 శాతం బతికున్నారు కానీ, ఉన్నచోటే తిరగబెట్టడం ఎక్కువ. కణితి రెండు సెంటీమీటర్ల లోపుంటే ఫలితం మెరుగు. కాబట్టి ముందు రేడియేషనే అడగాలి. అయితే ఒకసారి రేడియేషన్ తిన్న చోట మళ్లీ పెరిగినవాళ్లకు, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో రేడియేషనే ప్రమాదమయ్యేవాళ్లకు ఈ సూదిని కాదనడం అన్యాయం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గొట్టం వేయాల్సి రావడం దీనిలో తరచు చూసేదే: 2008 నాటి ఒక అధ్యయనంలో 106 మందిలో 27 మందికి వేశారు. అయినా వాళ్ల ఊపిరి శక్తి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆయాసంతో బతికేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

అంత చిన్న కణితి మన దగ్గర ఎవరికి దొరుకుతుందన్నది అసలైన చిక్కు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకుని నెలలు గడిచిపోతాయి. తెమడ పరీక్షలో ఏమీ తేలక, మందులకూ లొంగని దగ్గుంటే నిడదవోలులో రైలెక్కి, గోదావరి దాటి, రాజమండ్రిలో సీటీ తీయించుకోవడం ఒక పూట పని. కణితి అని తేలి, ఆపరేషన్ కుదరదంటే, లేచి వచ్చేయకుండా రెండు మాటలు అడగండి: రేడియేషన్ ఇవ్వవచ్చా? అదీ కుదరకపోతే, కాల్చవచ్చా?