జాషువ ‘క్రీస్తు చరిత్ర’: విశ్వాస ప్రకటన, విమర్శ సంకోచం

గుఱ్ఱం జాషువ (1895-1971)కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిపెట్టిన కావ్యం ‘క్రీస్తు చరిత్ర’. అయినా ఆయన పేరు వినగానే సాహిత్య విద్యార్థికి ముందుగా స్ఫురించేది ‘గబ్బిలం’. ఆ తరువాత ‘ఫిరదౌసి’, శ్మశానవాటి పద్యాలు. పురస్కారం పొందిన కావ్యమే విమర్శలో వెనుకబడిపోవడానికి కారణాన్ని కవిత్వగుణంలో మాత్రమే వెతికితే చాలదు. ఆ కావ్యంలో కవి తన విశ్వాసాన్ని మరుగుపరచకుండా పండితలోకం ముందు నిలబెట్టాడు. దానిని ఏ ప్రమాణంతో కొలవాలో తెలుగు విమర్శ తేల్చుకోలేదు. అందువల్ల గౌరవంగా పక్కన పెట్టింది.

జాషువ వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో జన్మించాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ కులస్థురాలు. వినుకొండలోనే జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివినప్పుడు, అంటరానివాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని అగ్రవర్ణాలవారు ఆక్షేపించారు. మరోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ దేవతల గురించి రాస్తున్నాడని మతాధికారులు ఆయనను సంఘం నుంచి వెలివేశారు. ఆయన జీవితచరిత్ర రాసినవారు ఈ రెండు ఘట్టాలనూ విడివిడిగా చెబుతూ వచ్చారు. నిజానికి వీటిని కలిపి చూడాలి. విశ్వాసం కోసం నిలబడిన వ్యక్తికి సాధారణంగా ఎదురుగా పరాయివారు, వెనుక తనవారు ఉంటారు. జాషువకు వెనుక ఎవరూ లేరు. ‘క్రీస్తు చరిత్ర’ను సంఘానికి సమర్పించిన క్షమాపణగా చదివే అవకాశాన్ని ఇక్కడే తోసిపుచ్చాలి. పశ్చాత్తాపపడిన కవి తన పూర్వరచనలను నిరాకరిస్తాడు. జాషువ ‘గబ్బిలం’లోని ఒక్క పద్యాన్నీ వెనక్కి తీసుకోలేదు. రెండు కావ్యాలూ తనవేనన్నాడు.

క్రైస్తవ పరిభాషలో ‘సాక్ష్యం’ అనే మాటకు ప్రత్యేకార్థం ఉంది. తాను నమ్మినదాన్ని నలుగురి ముందు ఒప్పుకోవడమే సాక్ష్యం. ఆ నలుగురు ఎవరన్నది మాత్రం రచనాప్రక్రియను బట్టి మారుతుంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి రచించిన కీర్తనలు ఆరాధనలో విశ్వాసులు కలిసి పాడుకునేవి. వాటి శ్రోత ముందే నమ్మినవాడు. పద్యకావ్యం సంగతి వేరు. దాని శ్రోత యతిప్రాసలను, గణాలను లెక్కపెట్టే సభాసదుడు, చాలాసార్లు నమ్మనివాడు, కొన్నిసార్లు ఆ కవి పక్కన కూర్చోవడానికే ఇష్టపడనివాడు. తనను ఆక్షేపించిన సభ ఛందస్సులోనే జాషువ సువార్తల కథను చెప్పాడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా కాలికి గండపెండేరం తొడిగిన కవి కనుక ఆ పద్యాన్ని తప్పుపట్టడం సభకు సాధ్యం కాలేదు. ఇక మిగిలింది వస్తువు.

ఆ వస్తువు విషయంలోనే విమర్శ రెండు రకాల తూనికరాళ్లు వాడింది. పోతన భాగవతాన్ని చదివే విమర్శకుడు కవి భక్తిని కవిత్వానికి అడ్డంకిగా భావించడు. పైగా ఆ భక్తివల్లనే పద్యానికి ఆర్ద్రత వచ్చిందంటాడు. తిరుపతి వేంకటకవులు ‘బుద్ధచరిత్ర’ రాసినా, పింగళి కాటూరి కవులు ‘సౌందరనందము’ రాసినా అవి కావ్యాలుగానే పరిగణన పొందాయి. అక్కడ కవులు బౌద్ధులు కారు కనుక విశ్వాస ప్రశ్నే తలెత్తలేదు. క్రైస్తవుడు క్రీస్తు కథ రాసేసరికి మాత్రం ‘మతసాహిత్యం’ అనే అర సిద్ధమవుతుంది. లేదంటే కవిని ‘విశ్వనరుడు’ అనే బిరుదు కింద చేర్చి, క్రీస్తును కేవలం కరుణకు ప్రతీకగా మార్చి మెచ్చుకోవడం జరుగుతుంది. రెండో పద్ధతి మర్యాదగా కనిపించినా మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేసింది. కవి నమ్మి చెప్పినదాన్ని అలంకారంగా దించివేసింది.

‘గబ్బిలం’తో పోల్చినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. అందులోని నాయకుడు క్రైస్తవుడు కాడు. తనకు ప్రవేశం లేని గుడిలో వేలాడగలిగిన గబ్బిలం చేత శివునికి సందేశం పంపే పేద అస్పృశ్యుడు. కవి తన విశ్వాసాన్ని ఇక్కడ దాచుకున్నాడని ఒక వాదం రావచ్చు. కాని నాయకుణ్ణి క్రైస్తవుడిగా చిత్రించి ఉంటే, ‘గుడి వదిలి వెళ్లినవాడికి గుడితో ఏం పని’ అని పాఠకుడు తేలికగా తప్పించుకునేవాడు. ఆ దారిని కవి మూసివేశాడు. అంతమాత్రాన ‘గబ్బిలం’లోని ప్రతి పద్యం వెనుకా బైబిలును వెతకడం అతివ్యాఖ్యానమే. కవిత్వపరంగా చూస్తే ‘గబ్బిలం’లోని వాడి ‘క్రీస్తు చరిత్ర’లో అన్నిచోట్లా లేదన్నదీ ఒప్పుకోవలసిందే. కల్పిత నాయకుడి గొంతులో కవికి దొరికిన స్వేచ్ఛ, మార్చడానికి వీల్లేని కథలో దొరకదు. ఈ తేడాను కావ్యశిల్పం దృష్టితో చర్చించి ఉంటే విమర్శకు పని మిగిలేది. ఆ చర్చ జరగవలసినంత జరగలేదు.

దళిత విమర్శ జాషువను తిరిగి కేంద్రంలోకి తెచ్చింది. అందుకు ఎంత రుణపడినా చాలదు. అయితే అది ‘గబ్బిలం’ కవిని స్వీకరించినంత ఇష్టంగా ‘క్రీస్తు చరిత్ర’ కవిని స్వీకరించలేదు. విశ్వాసాన్ని కులం నుంచి తప్పుకునే ఉపాయంగానో, మిషనరీల ప్రభావంగానో లెక్కగట్టే అలవాటు ఇందుకు ఒక కారణం. పేరు విషయం గమనిస్తే ఈ లెక్క నిలవదు. సువార్త కథలో పేతురు తన గురువును ఎరుగనని బొంకుతాడు, అతని యాసే అతణ్ణి పట్టిస్తుంది. జాషువ విషయంలో భాష ఏమీ పట్టివ్వదు. ఆయన పద్యం ఏ శాస్త్రులుగారి పద్యంగానైనా చెల్లుతుంది. పట్టించేది పేరు. శాస్త్రులు, రావుల నడుమ పాత నిబంధనలోని ఆ పేరు వినగానే సభకు కవి మతం తెలిసేది, ఆ వెంటనే కులమూ తెలిసేది. తప్పుకునే ఉపాయం కోరినవాడు కలంపేరు పెట్టుకునేవాడు. కలంపేర్లకు కొదవలేని కాలంలో జాషువ జాషువగానే అచ్చయ్యాడు.

ఆ పేరుకు వెల కూడా పెరుగుతూ వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను ప్రధానంగా హిందువులకు పరిమితం చేసింది. ఆ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. ఫలితంగా తెలుగు పల్లెల్లో రికార్డులో ఒక పేరు, చర్చిలో మరో పేరు ఉన్న మనుషులు కనిపిస్తారు. వారిని పిరికివారనడం అన్యాయం. విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకోవాలంటే బడి ఫీజు రాయితీ, ఉద్యోగ రిజర్వేషన్, అత్యాచార నిరోధక చట్టం రక్షణ వదులుకోవలసి వచ్చే చోట మౌనానికి వేరే అర్థం ఉంటుంది. ‘క్రీస్తు చరిత్ర’ పురస్కారం పొందిన 1964 నాటికి ఆ ఉత్తర్వు వచ్చి 14 సంవత్సరాలు. అదే గణతంత్రంలో ఒక సంస్థ ఆ కావ్యాన్ని తెలుగు సాహిత్యంగా గౌరవించింది, మరో పత్రం ఆ కావ్యంలోని నమ్మకాన్ని బయటికి చెప్పుకున్న అంటరానివాడిని జాబితాలోంచి తీసివేసింది.