అడగకుండా తెలుసుకునే కళ్లజోడు

2013లో గూగుల్ తన కళ్లజోడును 1500 డాలర్లకు ఇచ్చినప్పుడు అమెరికాలో కొన్ని బార్లు దాన్ని లోపలికి రానివ్వలేదు. తాగేవాళ్లకి తమ మొహాలు ఎవడో పట్టుకుపోతున్నాడని కోపం. 2015లో ఆ అమ్మకం ఆగింది. ఇప్పటి మెటా-రేబాన్ జోడు మాత్రం మామూలు కళ్లజోడులాగే ఉంది. రికార్డవుతుంటే చిన్న దీపం వెలుగుతుందట, అదీ మనకిచ్చిన రక్షణ! 2024లో ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు దీనికి మొహాలు వెతికే వెబ్‌సైటును జతచేసి, దారినపోయేవాళ్ల పేరూ అడ్రసూ లాగి చూపించారు. హెచ్చరించడానికే చేశామన్నారు.

దీన్ని అక్కడ 'ప్రైవసీ' సమస్య అంటున్నారు. మనకు ఆ మాట చాలదు. 'మీరేవుట్లు?' అనడానికి ఇల్లు అద్దెకిచ్చేవాడు ఇవాళ కాస్త నీళ్లు నములుతాడు. ఊరడిగి, ఏం తింటారని అడిగి చుట్టూ తిరుగుతాడు. ఆ చుట్టుతిరుగుడులోనే మనకో సందుంది. ఇంటిపేరు మింగేసి గది సంపాదించినవాళ్లం ఎంతమందిమి లేం! ఈ జోడు ఆ సందు మూసేస్తుంది. మొహం నుంచి పేరు, పేరు నుంచి ఇంటిపేరు. ఆ తర్వాతి అడుగుకి తెలుగువాడికి యంత్రం అక్కర్లేదు.

భవిష్యత్తు గురించి రాసేవాళ్లు బరువు, బ్యాటరీ, తెర అంటూ రాస్తున్నారు. ఎదుటివాడు అడక్కుండానే తెలుసుకున్నాడని మనకు తెలిసేదెట్లా? గది ఖాళీ లేదంటాడు, అంతే.