తక్కువ కర్బన జీవనము: ఉపదేశము చాలునా?

2021 నవంబరులో గ్లాస్గో నగరమున జరిగిన వాతావరణ మహాసభలో భారత ప్రధాని 'లైఫ్' అను ఉద్యమమును ప్రతిపాదించెను. 2022 అక్టోబరు 20న గుజరాతులోని ఏక్తానగరులో అది ప్రారంభమైనది. ప్రతి వ్యక్తియు పర్యావరణమునకు మేలగునట్లు తన అలవాట్లను మార్చుకొనవలెననుట దాని సారాంశము. ఇందుకై 75 పనుల పట్టిక ప్రకటింపబడినది. ఎఱ్ఱదీపము వద్ద ఇంజను ఆపుట, ఏ.సి.ని 24 డిగ్రీల వద్ద ఉంచుట, వీలైనచోట బస్సు ఎక్కుట మొదలగునవి అందు కలవు. బడిపిల్లలకు గూడ అర్థమగునంత సులభముగా నుండుట ఆ పట్టికలోని గుణము.

అయితే ఈ ఉద్యమమునకు మూడు దశలు నిర్ణయింపబడినవి. మొదట ప్రజల గిరాకీలో మార్పు, పిదప సరఫరాలో మార్పు, చివరకు ప్రభుత్వ విధానములో మార్పు. ఈ వరుస సరియైనదేనా? శంషాబాదు దారిని ఉదాహరణగా తీసికొని పరిశీలింపవచ్చును.

హైదరాబాదు నడిబొడ్డు నుండి శంషాబాదు విమానాశ్రయము సుమారు 25 కి.మీ. దూరమున్నది. లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడును. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోయే. అందలి కర్బనము గాలిలోని ఆక్సిజనుతో కలియుటచే వాయువు బరువు మూడింతలగుచున్నది. లీటరుకు 15 కి.మీ. నడచు కారులో ఒక్కడే పోయినచో దాదాపు 4 కిలోల వాయువు గాలిలో చేరును. లీటరు డీసెలుకు 4 కి.మీ. నడచు బస్సు అదే దూరమునకు 17 కిలోలు విడుచును. అందు 30 మంది యున్నచో తలకు 0.6 కిలో మించదు. నలుగురే యున్నచో తలకు 4 కిలోలు దాటును!

విద్యుత్ బస్సు మాటయేమి? కి.మీ.కు ఒక యూనిట్టు ఖర్చగుననుకొన్నను, మన దేశమున యూనిట్టుకు సుమారు 0.7 కిలో వాయువు వెలువడుచున్నందున లెక్క మరల 17 కిలోల దరిదాపులకే వచ్చును. విద్యుత్తులో అధికభాగము బొగ్గు నుండి వచ్చుటయే కారణము. బొగ్గు వాడకము తగ్గినకొలది ఈ అంకె దిగును. అంతవరకు ఇంజను రకము కంటె బస్సు నిండుటయే ముఖ్యము.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ప్రయాణము ఉచితమైనది. వాతావరణము కొరకు చేసిన ఏర్పాటు కాదది. అయినను బస్సులు కిటకిటలాడినవి. ఎక్కినవారిలో స్కూటరు, కారు మానినవారెందరు, మునుపు ఇల్లు కదలలేనివారెందరు అనునది పరిశోధకులు తేల్చవలసిన విషయము. విమానాశ్రయమునకు పోవు పుష్పక్ ఏ.సి. బస్సులకు మాత్రము ఈ సదుపాయము లేదు.

ఇక రైలు సంగతి. విమానాశ్రయము 2008 మార్చిలో తెరువబడినది. 2009 అక్టోబరుకే కార్ల కొరకు 11.6 కి.మీ. పి.వి. నరసింహారావు వంతెన దారి సిద్ధమైనది. ఎం.ఎం.టి.ఎస్. రైలు ఉందానగర్ వరకే వచ్చి ఆగినది. 2022 డిసెంబరులో రాయదుర్గము నుండి 31 కి.మీ. మెట్రోకు శంకుస్థాపన జరిగినది. మరుసటి సంవత్సరము ప్రభుత్వము మారిన పిమ్మట ఆ మార్గము విడిచి, నాగోలు, చాంద్రాయణగుట్టల మీదుగా వేరొకటి ప్రతిపాదించిరి. రైలే లేనిచోట 'రైలు ఎక్కుడు' అను హితవు ఎవరికి ఉపయోగము?

ఇదే ఆవరణలో వేరొక దృష్టాంతమున్నది. విమానాశ్రయము 10 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమును నెలకొల్పుకొన్నది. ప్రయాణీకుడు ఏ అలవాటును మార్చుకొనకయే, అతడు వాడు విద్యుత్తులో కొంత సూర్యుని నుండి వచ్చుచున్నది. సరఫరా మారుటయనగా ఇదియే.

కావున 75 పనుల పట్టిక తప్పు కాదు. దశల వరుస తప్పు. విధానము, సరఫరా ముందు రావలెను. అలవాటు వానివెంట వచ్చును. ఉపాధ్యాయులు పట్టికను వల్లె వేయించుటతో ఆగక, విద్యార్థులచే తమ ఊరి బస్సులలో ఏ వేళ ఎందరున్నారో వారము రోజులు లెక్కింపజేసి, తలకు ఎంత వాయువగునో గట్టించి, ఆ లెక్కను ఆర్టీసీ డిపోకు పంపించవచ్చును. ఏ వేళకు బస్సు చాలదో, ఏ వేళకు ఖాళీగా పోవుచున్నదో డిపోవారికి అందువలన తెలియును.