సినిమాలో వినిపించిన మాట ఎక్కడ పుట్టింది?

తైవాన్ కొండల్లో అటాయల్, సీడిక్ అనే రెండు భాషలున్నాయి. రెండూ ఒక తల్లి బిడ్డలు. పెద్ద ఆస్ట్రోనేషియన్ కుటుంబంలో ఒక చిన్న కొమ్మ. సీడిక్‌లో మళ్ళీ మూడు యాసలు: త్గడాయా, టోడా, త్రుకు. సీడిక్‌లను ప్రభుత్వం చాలాకాలం అటాయల్ లెక్కలోనే కలిపేసింది. 2008లో గాని వారికి వేరే జాతిగా గుర్తింపు రాలేదు.

2011లో వచ్చిన 'సీడిక్ బాలే' సినిమా ఈ భాషను లోకానికి వినిపించింది. 1930 అక్టోబరు 27న ఊషెలో మోనా రుడావ్ నాయకత్వాన జపాన్ పాలకుల మీద జరిగిన తిరుగుబాటే దాని కథ. నాలుగున్నర గంటల సినిమాలో ఆదివాసులు తమలో తాము సీడిక్‌లోనే మాట్లాడుకుంటారు. మన 'ఆర్.ఆర్.ఆర్.'లో గోండు వీరుడు కొమురం భీం తెలుగే మాట్లాడాడు. ఆ లెక్కన తైవాన్ దర్శకుడు వెయ్ త-షెంగ్‌ను మెచ్చుకోవాల్సిందే.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. స్క్రిప్టును ముందు చైనీస్‌లో రాశారు. తర్వాత సీడిక్ రచయిత దాకిస్ పవన్ దాన్ని తమ భాషలోకి తెచ్చారు. ముసలి మోనాగా నటించిన లిన్ చింగ్-తాయ్ అటాయల్ మనిషి. సోదర భాషను నేర్చుకుని పలికారు. వాళ్ళ శ్రమ గొప్పది. కానీ మాట సీడిక్‌దే అయినా, ఆలోచన వేరే భాషలో పుట్టింది. అందుకే ఆ భాష తెర మీద ఎక్కువగా శపథాలూ యుద్ధాలే పలుకుతుంది. పొలంలో, పొయ్యి దగ్గర, మగ్గం ముందు మాట్లాడుకునే భాష తక్కువగా వినిపిస్తుంది.

రెండో లోపం ఇంకా పెద్దది. ఆ పోరులో టోడాలు, త్రుకులు జపాన్ పక్షాన దిగారు. పాలకులు వాళ్ళను ఎలా దించారు, కాదంటే ఏమయ్యేది అన్నది కథకు కీలకం. సినిమా మాత్రం టోడా నాయకుడు తెము వాలిస్‌ను ముఖ్యంగా మోనా పాత పగవాడిగానే చూపింది. సోదరుల్లో ఒకరి గొంతే కథ అయింది.

ఆ జనం మాత్రం అలా చేయలేదు. తమ జాతి పేరును మూడు యాసల్లో పలికే తీరునా పక్కపక్కనే మూడు వర్తనుల్లో రాసుకుంటున్నారు. మూడింటికీ అర్థం 'మనిషి' అనే. మన కోయల 'కోయితూర్' లాగే. ఒకరి కోసం మరొకరి పలుకును కొట్టేయలేదు.

మన కథ మన భాషలోకి అనువాదమై రావడం గౌరవమే. అది మన భాషలోనే మొదట పుట్టడం మన హక్కు. తెలుగులో రాస్తున్న మనమూ ఈ తేడాను మరచిపోకూడదు.